పోర్టల్లో పడ్డ పేరు

పద్నాలుగో భాగం

పోయిన వారం ఆల్టన్ స్ట్రోదర్‌ని అతని గదిలో, మోగుతున్న ఫోన్ ఎదురుగా వదిలేసి వచ్చాం. ఆ ఫోన్ కింద గేటు దగ్గర నుంచి. "వెర్నెల్ గాస్టన్ అట కోచ్, పెద్దావిడ. మీతో పనుందంటోంది. ముందు చెప్పి రాలేదట" అంది గేటు దగ్గర అమ్మాయి. లేనని చెప్పించేస్తే సరిపోయేది. కానీ ఆ పేరు విని లేనని చెప్పించగల మనిషే అయితే స్ట్రోదర్‌కి ఈ మూడు వారాలూ తిండి సయించేది. పైకి పంపించమన్నాడు.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ళ కోసం నాలుగు మాటలు. స్ట్రోదర్ అలబామాలో చెవాలా స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో పన్నెండేళ్ళుగా కోచ్. టీమ్ మొత్తానికి కాదు. బంతి పట్టుకుని పరిగెత్తే వాళ్ళకీ, వాళ్ళ ముందు నడిచి దారి చేసే వాళ్ళకీ మాత్రమే. మొత్తానికి పెద్ద, పై అంతస్తులో కూర్చునే కెన్నమర్. రెండున్నరేళ్ళ కిందట స్ట్రోదర్ స్వయంగా హాచీ బెండ్ అనే చిన్న ఊరికి వెళ్ళి, ఒక మామ్మని ఒప్పించి, ఆమె మనవడు కెడ్రిక్ గాస్టన్‌ని టీమ్‌కి తెచ్చుకున్నాడు. కెడ్రిక్ దారి చేసేవాడు. దారి చేసేవాడికి ఎదుటివాళ్ళ భుజాలు తగులుతాయి. చప్పట్లన్నీ వెనకాల బంతి పట్టుకుని వచ్చేవాడివి.

పోయిన వేసవి నుంచి కొత్త కాలం వచ్చింది. టికెట్ల మీదా టీవీల మీదా యూనివర్సిటీకి వచ్చే రాబడిలో ఆడే పిల్లలకి నేరుగా వాటా ఇవ్వొచ్చన్నారు. బయట కంపెనీల ప్రకటనల్లో కనబడి సంపాదించుకోవడం అంతకు ముందు నుంచే ఉంది. మంచిదే, ఆలస్యంగా వచ్చిన న్యాయమే. స్ట్రోదర్ ఆడిన రోజుల్లో ఒక దుకాణం ఆయన ముచ్చటపడి ఒక జత బూట్లు కొనిపెట్టాడని తెలిసి అతన్ని రెండు ఆటలు బయట కూర్చోబెట్టారు. అందుకే కొత్త రూలు వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించింది అతనే. ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. వాటాకి ఒక హద్దుంది. టీమ్‌లో నూట అయిదుగురికి మించి ఉండకూడదు. టెక్సస్ నుంచి ఒక పేరున్న కుర్రాడిని తేవాలంటే ఇక్కడ నలుగురైదుగురి విస్తళ్ళు ఎత్తెయ్యాలి.

పొమ్మంటే గొడవ. తల్లిదండ్రులు వస్తారు, పేపర్లు రాస్తాయి. వాళ్ళంతట వాళ్ళే పోతే ఏ గొడవా లేదు. పోదలుచుకున్న వాళ్ళు పోర్టల్ అనే పట్టీలో పేరు పెట్టుకోవాలి. పేరు పడ్డాకే వేరే యూనివర్సిటీ వాళ్ళు మాట్లాడాలి. అంతకు ముందు ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టకూడదు. కాబట్టి ప్రతివాడూ ఎవరో చెప్పిన నోటి మాట నమ్ముకుని, కళ్ళు మూసుకుని దూకాల్సిందే. దూకినవాడిని సొంత యూనివర్సిటీ మళ్ళీ తీసుకోనక్కర్లేదు. క్రిస్మస్ ముందు కెన్నమర్ అయిదు పేర్లు చెప్పాడు. అందులో కెడ్రిక్ పేరు స్ట్రోదర్ వంతుకి వచ్చింది.

కరొలైనాలో స్ట్రోదర్ పాత స్నేహితుడు ఒకడు కోచ్. "దారి చేసేవాడు ఒకడు కావాలి, చూస్తాం" అన్నాడు ఫోన్లో. స్ట్రోదర్ కెడ్రిక్‌ని పిలిచి, "తీసుకుంటారట, ఇక్కడిచ్చే దానికి రెట్టింపు" అన్నాడు. చూస్తాం అన్నదాన్ని తీసుకుంటాం అని చెప్పాడు, అంతే. కెడ్రిక్ మారు మాట్లాడకుండా జనవరి రెండున పేరు పెట్టాడు. కరొలైనా నుంచి ఫోన్ రాలేదు. ఇంకెక్కడి నుంచీ రాలేదు. ఇవాళ పదహారు. సాయంత్రం అయిదుకి కెన్నమర్ నూట అయిదు పేర్ల జాబితా పంపించేస్తాడు.

తలుపు దగ్గర అలికిడయింది.

వెర్నెల్ గాస్టన్ పొడుగాటి మనిషి. డెబ్బై దాటినా వెన్ను వంగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీ స్కూలు బస్సు నడిపింది. ఆవిడ అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే వెనక సీట్లో కొట్టుకునే వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళని హాచీ బెండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుని వచ్చింది. చేతిలో వెండి కాగితం కప్పిన పళ్ళెం ఉంది.

"లేవకు, లేవకు" అంది. "ఏం బిల్డింగ్ నాయనా ఇది. ఎటు చూసినా కొంగలే. ఇంత డబ్బు పోసి కట్టారు కదా, ఇంకే పక్షీ దొరకలేదా మీకు?"

"టీమ్ పేరే కొంగలు కదమ్మా."

"తెలుసులే. చేప కోసం ఒంటికాలి మీద నిలబడే దాన్ని చూసి ఎవడు భయపడతాడని మొదట్నుంచీ నా అనుమానం." పళ్ళెం బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. కోటు విప్పలేదు. "పౌండ్ కేక్. నిమ్మకాయ వేశాను. ఆ రోజు రెండు ముక్కలు తిన్నావు, గుర్తుందా? మూడోది కాగితంలో చుట్టి ఇస్తే కార్లో తింటూ వెళ్ళావు. మా పక్కింటి వాళ్ళు చూసి చెప్పారు."

స్ట్రోదర్‌కి గుర్తుంది. తీసుకురావాల్సిన కుర్రాడి ఇంటికి వెళ్ళిన కోచ్ ఆ ఇంట్లో పెద్దావిడ పెట్టింది తినాలి. అది ఈ పనిలో మొదటి పాఠం. రెండోసారి వడ్డిస్తే వద్దనకూడదు. ఎన్నో ఇళ్ళలో ఎన్నో తిన్నాడు, కొన్నిచోట్ల మొహం చిట్లించకుండా మింగాడు. హాచీ బెండ్‌లో మటుకు నిజంగా ఆకలేసి తిన్నాడు. ఉడికించిన ఆకుకూర, పంది ముక్కలేసిన బీన్స్, వేడి మొక్కజొన్న రొట్టె. చనిపోయిన మొగుడి కుర్చీలో కూర్చోబెట్టి పెట్టిందావిడ. ఆ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వదని కెడ్రిక్ తరువాత చెప్పాడు.

"ఒక్కరే కారు నడుపుకుంటూ వచ్చారా?"

"ఇంకెవరు నడుపుతారు? రెండు గంటలు. దారిలో మా కెడ్రిక్ బొమ్మ పీకేశారు చూశావా? టైర్ల షాపు వాడు పెట్టాడే, పెద్ద పలక. వాడు టైరు భుజాన వేసుకుని నవ్వుతున్న బొమ్మ. ఇప్పుడక్కడ ఎవరో లాయరు మొహం ఉంది." ఆవిడ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. "పోనీలే. బొమ్మ కోసం రాలేదు నేను. క్షమాపణ చెప్పుకోవడానికొచ్చాను."

"మీరా?"

"నేనే. వాడు చెప్పడు, సిగ్గు. వాడిని పెంచింది నేను కాబట్టి చెప్పాల్సింది నేనే. మా వాడు గడ్డి తిన్నాడు కోచ్. కరొలైనా వెళితే ఇంకొంచెం డబ్బు ఎక్కువొస్తుందని ఎవడో ఆశ పెట్టాడట, పేరు పెట్టేశాడు. నాకు చెప్పనైనా చెప్పలేదు. పది రోజులయ్యాక, ఫోన్ మోగక, మొహం వేలాడేసుకుని ఇంటికొస్తే అప్పుడు బయటపడింది."

స్ట్రోదర్ వెండి కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నిన్ను ఒక్కటే అడిగాను ఆ రోజు" అంది వెర్నెల్. "గుర్తుందో లేదో. వాడిని ఆడిస్తావా అని అడగలేదు. టీవీలో చూపిస్తావా అని అడగలేదు. చదువు పూర్తి చేయిస్తావా అని అడిగాను. ఏమన్నావు?"

"డిగ్రీ చేతికొచ్చే దాకా వాడు నా బిడ్డ అన్నాను."

"అన్నావు. నేను అంతకు ముందు వచ్చిన ముగ్గురు కోచ్‌లని పంపించేశాను. ఒకడు కారు మాట ఎత్తాడు. ఇంకొకడు గడియారం చూసుకుంటూ తిన్నాడు. నీ మాట నమ్మాను. మా అమ్మాయి, వీడి తల్లి, డిగ్రీ ఆఖరి ఏడాది గడప దాకా వెళ్ళి ఆగిపోయింది, వీడు కడుపున పడితే. ఆ తరువాత వెళ్తానంటూనే పోయింది, పాపం. గాస్టన్ల ఇంట్లో పట్టా పుచ్చుకునే ఆ నల్ల గౌను తొడుక్కుని నడిచిన వాళ్ళు ఒక్కరు లేరు. వీడు లెక్కల టీచర్ అవుతానంటాడు. మా కౌంటీ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు లేక రెండేళ్ళుగా కంప్యూటర్ తెర పెట్టి పిల్లల్ని వదిలేస్తున్నారు. ఇంకొక్క ఏడాది. మే దాకా ఫీజు కడతారట, ఆ తరువాత లేదట. ఇంకొక్క ఏడాదికి ఇంతా చేసి..."

ఆవిడ ఏడవలేదు. బస్సు నడిపే మనిషి ఎదురుగా ఏదో అడ్డొచ్చినప్పుడు ఆగినట్టు ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

"డబ్బు వద్దు. వాటా వద్దు, ఏమీ వద్దు. ఆడించకపోయినా సరే. సంచులు మొయ్యమంటే మోస్తాడు, మంచినీళ్ళు పొయ్యమంటే పోస్తాడు. ఆ జాబితాలో నూట అయిదో వాడిగా ఉంచండి చాలు. చదువు సాగుతుంది. వాడు తప్పు చేశాడు, ఒప్పుకుంటున్నాను. ఇరవయ్యొక్కేళ్ళ వాడు. నువ్వు ఆ వయసులో ఏ తప్పూ చెయ్యలేదా?"

"చేశానమ్మా."

"మరి. పైనున్నాయన్ని ఒక్క మాట అడుగు. నీ మాట వింటాడు."

వినడని స్ట్రోదర్‌కి తెలుసు. నూట అయిదో చోటుకి టెక్సస్ కుర్రాడి తమ్ముడు వస్తున్నాడు. ఆడడం రాదు వాడికి. కానీ అన్న రావాలంటే తమ్ముడు రావాలన్నారు, సరేనన్నారు. ఆ సంగతి ఈవిడకి ఎలా చెప్పడం? రూలు ఒప్పుకోదని చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో ఆవిడే ముందుకు వంగి, అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నువ్వు మొహం అలా పెట్టుకోకు. నీ తప్పేం లేదు. వాడే చెప్పాడు నాకు. కోచ్ స్ట్రోదర్ వద్దన్నాడు మామ్మా, నా మాట విను, ఇక్కడే ఉండు అని రెండుసార్లు పిలిచి చెప్పాడు, నేనే వినలేదు అన్నాడు. నీ మీద ఈగ వాలనివ్వడు వాడు."

ఈ కథ మొదలైన దగ్గర నుంచి స్ట్రోదర్ తనకి తాను ఎన్నో నచ్చచెప్పుకున్నాడు. ఇదంతా వ్యాపారం అనుకున్నాడు. నేను కాకపోతే ఇంకొకడు చెప్పేవాడు అనుకున్నాడు. కుర్రాడికి నిజంగానే బయట మంచి ధర రావచ్చు కదా అనుకున్నాడు. వాడు వచ్చి తిట్టి ఉంటే, నలుగురి ముందూ నిలదీసి ఉంటే, ఆ మాటలన్నీ పనికొచ్చేవి. వాడు తిట్టలేదు. మామ్మ దగ్గర తన కోచ్ మంచివాడిగానే ఉండాలని, చెప్పని మాట చెప్పాడని చెప్పాడు. స్ట్రోదర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దనలేదమ్మా" అన్నాడు.

"ఏంటి?"

"నేను వాడిని వద్దనలేదు. నేనే వెళ్ళమన్నాను. ఆశ పెట్టిన ఆ ఎవడో నేనే."

వెర్నెల్ కళ్ళజోడు పెట్టుకుంది. తరువాత, బస్సులో ఎవడు ముందు కొట్టాడో తేల్చేటప్పుడు అడిగినట్టు, ఒక్కొక్కటే అడిగింది.

"ఎప్పుడు?"

"క్రిస్మస్ ముందు. ఈ గదిలోనే."

"కరొలైనా వాళ్ళు తీసుకుంటామన్నది నిజమేనా?"

"చూస్తామన్నారు."

"చూస్తామన్నారు" అని ఆవిడ ఆ మాటని మళ్ళీ అంది. "నీ అంతట నువ్వే చెప్పావా, ఎవరైనా చెప్పమన్నారా?"

"చెప్పమన్నారు. పైనుంచి."

"నీకేం ముట్టింది?"

"ఏమీ ముట్టలేదమ్మా. నా ఒప్పందం మార్చిలో అయిపోతుంది. ఇంకో రెండేళ్ళకి రాసిస్తామన్నారు."

"అదే ముట్టింది" అంది వెర్నెల్.

కిటికీ అవతల మైదానంలో ఎవరో పచ్చగడ్డి మీద తెల్ల గీతలు గీస్తున్నారు. యంత్రం చప్పుడు గదిలోకి సన్నగా వినిపిస్తోంది. స్ట్రోదర్ ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. తన చేతిసంచీతో ఒక దెబ్బ వేసినా బాగుండుననుకున్నాడు.

"ఒకటి చెప్పు" అంది చివరికి. "మా వంటింట్లో కూర్చుని అన్నావే, నా బిడ్డ అని. అప్పుడు కూడా ఇలాగే అన్నావా? నోటికొచ్చినట్టు?"

"లేదమ్మా. అప్పుడు నిజంగానే అన్నాను. మీ మీద ఒట్టు."

"అయ్యో" అంది ఆవిడ, చాలా మెల్లిగా. "అప్పుడే అబద్ధం ఆడి ఉంటే బాగుండేది. దొంగవాడు ఇంటికొచ్చాడు, మోసపోయాం అనుకునేదాన్ని. నిజంగా అన్న మనిషివి ఇలా చేశావంటే నేనింక ఎవరిని నమ్మాలి నాయనా?"

స్ట్రోదర్‌కి యాభై ఒకటి. తల్లి పోయాక అతను ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు, మొహం పక్కకి తిప్పుకుని, గోడ మీది కొంగ బొమ్మ వైపు చూస్తూ. వెర్నెల్ ఓదార్చలేదు. తన చేతిరుమాలు తీసి బల్ల మీద పెట్టింది, కేక్ పళ్ళెం పక్కన. అతను తీసుకునేదాకా ఆగి లేచి నిలబడింది.

"పద."

"ఎక్కడికి?"

"పైకి. నాకు చెప్పింది అక్కడ చెబుదువుగాని. నువ్వు నాతో చెప్పుకుంటే నీ గుండె బరువు తగ్గుతుంది. వాడి ఫీజు తగ్గదు."

"ఉద్యోగం పోతుందమ్మా" అనలేదు స్ట్రోదర్. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, సిగ్గేసి వెనక్కి పోయింది. ఉద్యోగం పోతే ఏమవుతుందో లిఫ్ట్‌లో నిలబడ్డ ఆ కొద్ది క్షణాల్లో లెక్క వేసుకున్నాడు. ఇల్లు అమ్మాలి. ఈ వయసులో ఏ హైస్కూల్లోనో పిల్లలకి నేర్పుకోవాలి. అంత ఘోరమేం కాదు. ఎందుకో ముందెప్పుడూ ఆ లెక్క వెయ్యలేదతను. లిఫ్ట్ తలుపు తెరుచుకునే వేళకి, ఈ మధ్య ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉంది. చెప్పేస్తాను, అంతే, అనుకున్నాడు. కెన్నమర్ మొహం మీదే చెప్పేస్తాను, అవసరమైతే పేపరు వాళ్ళకీ చెబుతాను.

కెన్నమర్ గది తలుపు వారగా తీసి ఉంది. స్ట్రోదర్ తట్టకుండానే తోశాడు.

పొడుగాటి నున్నటి బల్ల. అటు చివర కెన్నమర్, పొట్టి చేతుల చొక్కాలో, ఎప్పటిలాగే చక్కగా దువ్విన తలతో ఉన్నాడు. ఇటు పక్క, వాళ్ళకి వీపు పెట్టి, వెడల్పాటి భుజాలు కిందికి వేలాడేసుకుని ఒక కుర్రాడు కూర్చున్నాడు. చప్పుడుకి తిరిగి చూశాడు.

"మామ్మా" అన్నాడు కెడ్రిక్. "నువ్వెందుకొచ్చావు?"

"నిన్ను ఇంట్లో ఉండమన్నాను కదరా."

"కోచ్ కెన్నమర్ పొద్దున ఫోన్ చేశారు. నువ్వు అటు బయల్దేరగానే నేనూ బయల్దేరాను."

కెన్నమర్ లేచి నిలబడి, ఆవిడ కోసం తనే కుర్చీ లాగాడు. మర్యాద విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు. "మిసెస్ గాస్టన్, రండి, కూర్చోండి. సరైన టైముకి వచ్చారు. మీ మనవడూ నేనూ ఒక మాటకొచ్చాం. మంచి మాటే. వచ్చే ఏడాది ఫీజు, గది, పుస్తకాలు, భోజనం, అన్నీ మేమే చూసుకుంటాం. ఆడక్కర్లేదు. నిశ్చింతగా చదువుకోవచ్చు. డిగ్రీ అందుకునే రోజున మీరు ముందు వరసలో కూర్చుంటారు."

వెర్నెల్ కూర్చోలేదు. "ఊరికేనా?" అంది.

"ఊరికేలాంటిదే. చిన్న కాగితం." కెన్నమర్ బల్ల మీదున్న కాగితాన్ని రెండు వేళ్ళతో స్ట్రోదర్ వైపు జరిపాడు. "ఆల్టన్, నువ్వూ వచ్చావు, మంచిదయింది. పిలుద్దామనే అనుకుంటున్నాను."

స్ట్రోదర్ చదివాడు. నాలుగే వాక్యాలు. పోర్టల్లో పేరు పెట్టడం పూర్తిగా నా ఇష్టం. టీమ్‌లో ఎవరూ నన్ను వెళ్ళమనలేదు. ఎవరూ ఆశ పెట్టలేదు, ఏ యూనివర్సిటీ పేరూ చెప్పలేదు. నా కోచ్ ఆల్టన్ స్ట్రోదర్ నన్ను ఉండమనే సలహా ఇచ్చారు. కింద కెడ్రిక్ సంతకం అప్పటికే ఉంది, గుండ్రంగా, బడిపిల్లాడి దస్తూరీలో. దాని కింద ఒక ఖాళీ గీత. గీత కింద స్ట్రోదర్ పేరు అచ్చు వేసి ఉంది.

ఈ కాగితం ఎందుకో అతనికి అర్థమయింది. ఆ అయిదుగురిలో ఒకడి తండ్రి లాయర్ దగ్గరికి వెళ్ళాడని నిన్ననే విన్నాడు. మా వాడిని మీరే తరిమారు అని ఆయన అంటున్నాడు. మిగతా ముగ్గురి ఇళ్ళ వాళ్ళూ ఆయన వెనక చేరారు. అయిదో వాడు ఎదురు చెబితే, అయిదో వాడి కోచ్ దాని కింద సంతకం పెడితే, ఆ నలుగురి మాట గాలికి పోతుంది.

"మిగతా నలుగురి సంగతేంటి?" అన్నాడు.

"వాళ్ళకి అమ్మలూ నాన్నలూ ఉన్నారు ఆల్టన్. వాళ్ళు చూసుకుంటారు. నువ్వు నీ కుర్రాడి సంగతి చూసుకో. ఇంటికెళ్ళి మాట ఇచ్చి తెచ్చావుగా." కెన్నమర్ కలం తీసి అతని ముందు పెట్టాడు. "ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఈ ఏర్పాటు. ఒక్క దానితో లేదు. అయిదు గంటల లోపల పైకి పంపాలి నేను."

లిఫ్ట్‌లో కూడగట్టుకున్న మాటలన్నీ స్ట్రోదర్ గొంతులోనే ఉన్నాయి. వాటిని బయటికి అంటే తన ఉద్యోగం పోతుందని అనుకున్నాడు గాని, కెడ్రిక్ చదువు పోతుందని అనుకోలేదు. నిజం చెప్పడానికి ఇంత ఆలస్యంగా వస్తే దాని ధర ఇంకొకడు కట్టాల్సి వస్తుందని అతనికి అప్పుడు తెలిసింది.

"కెడ్రిక్" అన్నాడు. "ఇందులో రాసింది..."

"చదివానండి కోచ్." కెడ్రిక్ అతని కళ్ళలోకి చూడలేదు. బల్ల మీద తన అరచేతుల్నే చూసుకుంటున్నాడు, ఎందరినో తోసి తోసి వేళ్ళు వంకరపోయిన చేతులవి. "సంతకం పెట్టండి. నాకు మీ మీద కోపం లేదు. మీరు ఎవరితోనూ ఏమీ చెప్పొద్దు. ఇంకొక్క ఏడాది, అంతే. ప్లీజ్ కోచ్."

"ఆ నలుగురిలో నీ గదిలో ఉండేవాడు కూడా ఉన్నాడు కదరా" అన్నాడు స్ట్రోదర్.

"ఉన్నాడు" అన్నాడు కెడ్రిక్. భుజాలు కదిలాయి. మామ్మ చూస్తోందని తల ఇంకా కిందికి దించుకున్నాడు.

వెర్నెల్ బల్ల దగ్గరికి నడిచి వచ్చింది. కాగితం చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని, నాలుగు వాక్యాలూ పెదాలు కదుపుతూ చదివింది. మనవడి సంతకం మీద బొటనవేలు పెట్టి చూసింది. ఇరవై ఒక్క ఏళ్ళు తను పెంచిన పిల్లాడు కాగితం మీద పెట్టిన మొదటి అబద్ధం అది. కోచ్ వద్దన్నాడని తనతో అన్నది కలుపుకుంటే, ఆవిడకి తెలిసినంత వరకూ రెండోది. కాగితాన్ని మళ్ళీ స్ట్రోదర్ ముందే పెట్టింది, అంచులు సరిచేసి.

"మీరేమంటారు, మిసెస్ గాస్టన్?" అన్నాడు కెన్నమర్. "మీకు సమ్మతమేగా?"

ఆవిడ కెన్నమర్ వైపు చూడనైనా చూడలేదు.

"కోచ్" అంది స్ట్రోదర్‌తో. "నువ్వు సంతకం పెడితే నా మనవడు చదువుకుంటాడు. పెట్టకపోతే నువ్వు మా వంటింట్లో కూర్చున్న మనిషివవుతావు. నాకు రెండూ కావాలి. ఎలా ఇస్తావో నువ్వే చూసుకో."

స్ట్రోదర్ కలం చేతిలోకి తీసుకున్నాడు.

(సశేషం)